పేరు ఉంది, బొమ్మ ఏది?

సుసాన్ ఓర్లీన్ అనే అమెరికన్ రచయిత్రి 2011లో ఒక కుక్క జీవితచరిత్ర అచ్చు వేయించారు. పేరు రిన్ టిన్ టిన్. మూకీల కాలంలో హాలీవుడ్‌ను ఊపేసిన జర్మన్ షెపర్డ్. ఇలాంటి పుస్తకం వస్తే అక్కడ సభ ఎలా జరుగుతుందో చూడండి. రచయిత్రి కాసేపు మాట్లాడతారు. తర్వాత లైట్లు ఆర్పి ఆ కుక్క సినిమా వేస్తారు. వందేళ్ళనాటి బొమ్మ తెర మీద ఆడుతుంది.

అదే సభ తెలుగువారి మొదటి మూకీ మీద హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెడదాం. హాలు దొరుకుతుంది. వక్తలు కావలసినంత మంది ఉన్నారు. శాలువాలకు లోటే లేదు. తెర మీద వెయ్యడానికి మాత్రం రీలు లేదు.

రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ రీలు ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) గతీ అంతే. దేశంలోనే తొలి టాకీ ‘ఆలం ఆరా’ కూడా లేదు. ఇవన్నీ పాఠకులకు తెలిసిన సంగతులే. తెలిసి తెలిసి ఇంత నిమ్మళంగా ఎలా ఉన్నామన్నదే మా ప్రశ్న.

ఆ కుక్క సంగతి కాస్త చెప్పాలి. 1918 సెప్టెంబర్‌లో, మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, ఫ్రాన్స్‌లోని ఫ్లిరే ఊరి దగ్గర బాంబులు పడి కూలిన కుక్కల కొట్టంలో లీ డంకన్ అనే అమెరికన్ సైనికుడికి దొరికిన పిల్ల అది. అమెరికా వెళ్ళాక వార్నర్ బ్రదర్స్ చేతిలో పడింది. దాని సినిమాలతో గల్లాపెట్టెలు నిండుతుంటే ‘అప్పులు తీర్చేవాడు’ అని ముద్దుపేరు పెట్టారు. మొదటి ఆస్కార్ ఓట్లలో ఉత్తమ నటుడిగా దానికే ఎక్కువ పడ్డాయని ఒక కథ కూడా ఉంది. నమ్మని వాళ్ళూ ఉన్నారు, మేమూ పూర్తిగా నమ్మం.

1925 నాటి ‘క్లాష్ ఆఫ్ ది వుల్వ్స్’లో అది తోడేళ్ళ గుంపుకు నాయకుడు. పాదంలో ముల్లు దిగుతుంది. ఒక కాలు పైకెత్తి కుంటుతూ, గుంపుకు దూరంగా జరిగి కూలబడుతుంది. ముల్లు తీసిన మనిషి దాన్ని ఊళ్ళోకి తెస్తూ, ఎవరూ గుర్తుపట్టకుండా గడ్డం కట్టి, కాళ్ళకు బూట్లు తొడుగుతాడు. ఆ గడ్డంతో అది బుద్ధిగా నడుస్తుంటే నవ్వు ఆగదు. ఈ సినిమా ప్రింటు ఎక్కడ దొరికిందనుకున్నారు? దక్షిణాఫ్రికాలో! దాన్ని తెచ్చి, బాగుచేసి, 2004లో అమెరికా జాతీయ సినిమా జాబితాలో చేర్చారు. కుక్కకు గడ్డం కట్టిన సినిమాను!

‘అది డబ్బున్న దేశం, మనకు ఆస్పత్రులకే నిధుల్లేవు’ అనేవాళ్ళున్నారు. మద్రాసు ఉక్కలో ఫిల్మ్ నిలవదనీ అంటారు. అందులో కొంత నిజం ఉంది. కానీ డబ్బున్న ఆ దేశమూ తక్కువ పోగొట్టుకోలేదు. 1912 నుంచి 1929 దాకా అక్కడ తీసిన దాదాపు 11 వేల మూకీ చిత్రాల్లో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని అక్కడి జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. తేడా అంతా ఆ లెక్క తేల్చడంలోనే ఉంది. పోయిందేదో, మిగిలిందేదో పేరుపేరునా రాసుకున్నారు. మిగిలిన దానికోసం ఖండాలు దాటి వెతికారు. మన దగ్గర అలాంటి లెక్క ఏది?

లెక్క లేదు గానీ బిరుదులున్నాయి. రఘుపతి వెంకయ్య పేరిట 1980లో ఉమ్మడి రాష్ట్రం అవార్డు పెట్టింది. మూకీలతో మొదలై బొంబాయిలో వెలిగిన కరీంనగర్ బిడ్డ పైడి జైరాజ్ పేరిట ఇప్పుడు తెలంగాణలో అవార్డు ఇస్తున్నారు. మంచిదే. మరి బొమ్మ ఏది? హీరో పుట్టినరోజు వస్తే పాత సినిమాను 4కెలో మళ్ళీ విడుదల చేసి, థియేటర్లో కాగితాలు ఎగరేసి, పాలాభిషేకాలు చేసి ‘సినిమా మా ఊపిరి’ అంటాం. డబ్బా మూత తీయగానే, ఫిల్మ్ పాడైతే వచ్చే వెనిగర్ వాసన గుప్పుమంటూ, లోపల ఫిల్మ్ ముద్దగా అతుక్కుపోయిన రీళ్ళను ఊపిరి బిగబట్టి చూసేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఒకప్పుడు ఫిల్మ్ పూతలో ఉండే వెండి కోసం రీళ్ళు కరిగించారు. 2003 జనవరిలో పుణెలో, తేలిగ్గా అంటుకునే పాతకాలపు నైట్రేట్ రీళ్ళున్న గోదాం తగలబడింది. జరిగిపోయిన వాటికి నిప్పునో, పేదరికాన్నో నిందించవచ్చు. ఇవాళ మిగిలిన బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లకు ఆ సాకు కూడా లేదు. ఒక్కో సినిమాకు వందల కోట్లు పెడుతున్న పరిశ్రమ ఇది. టికెట్ రేట్లు పెంచమని అడగడానికి సచివాలయం దాకా వెళ్ళే పెద్దలు, రీళ్ళు దాచడానికి ఒక చల్లని గది కట్టించమని అడగడానికి ఎప్పుడైనా వెళ్ళారా? రేట్లు పెంచిన ప్రభుత్వాలైనా ‘ముందు మీ పాత నెగెటివ్‌లు ఎక్కడున్నాయో చెప్పండి’ అని ఒక్కసారి షరతు పెట్టాయా? పేర్లు కావాలి. పటాలు కావాలి. బొమ్మ అక్కర్లేదు.

పోనీ, ఒక పని చేయండి. వచ్చే అవార్డుల సభలో రఘుపతి వెంకయ్య పురస్కారం అందించేటప్పుడు శాలువా, జ్ఞాపికతో పాటు ఒక ఖాళీ రీలు డబ్బా కూడా చేతిలో పెట్టండి. మూత తీసి చూపించండి. ఫొటోలు మేమే వేస్తాం, మొదటి పేజీలో.