శ్రీ విండోస్ 11 గారికి ఏడో తరం వారు వ్రాయునది

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మా వైపు కుశలం లేదని మీ తనిఖీ ప్రోగ్రాం తేల్చేసింది కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను.

నేను తెనాలిలో చిన్న డీటీపీ షాపు నడుపుతాను. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, ట్యూషన్ కరపత్రాలు, పెద్దకర్మ పత్రికలు. మొన్న ఒక మధ్యాహ్నం బేరాల్లేక, మా షాపు కుర్రాడు నా లాప్‌టాప్ ముందేసుకుని మీ అర్హత పరీక్ష పెట్టాడు. రెండు నిమిషాల్లో తల తిప్పి, "బాబాయ్, దీనికి పదకొండు పట్టదంట. మన ప్రాసెసర్ ఏడో తరమంట. వాళ్లకి ఎనిమిదో తరం నుంచే కావాలంట" అన్నాడు.

పాతికేళ్లుగా పెళ్లి కార్డుల మధ్య బతుకుతున్నవాణ్ని. అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ చూసి మరీ సంబంధం ఖాయం చేసుకునేవాళ్లను చూశాను. ఏడు సరే, ఎనిమిది లేదు కాబట్టి వెళ్లిరండి అన్న మగపెళ్లివారిని మాత్రం మిమ్మల్నే చూడటం.

మా పిల్లలో ఏం తక్కువైందో చెప్పండి. ఇంటెల్ ఐ5, 7200యూ. 2017లో మా ఇంటికొచ్చింది. మీరు 4 జీబీ ర్యామ్ అడిగారు, 8 ఉంది. 64 జీబీ చోటు అడిగారు, 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయించి పెట్టాను. టీపీఎం 2.0 కావాలన్నారు. ఆ పేరు వినగానే బండి అడుగుతున్నారేమోనని ఒక్క క్షణం కంగారుపడ్డాను. తీరా చూస్తే తాళాలు దాచుకునే ఏర్పాటట. డిస్కు ఎవరైనా ఊడబీకి ఎత్తుకుపోయినా లోపలిది చదవడానికి లేకుండా. లాప్‌టాప్ లేచేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే అదీ ఉంది, ఇన్నాళ్లూ ఎవరూ ఆన్ చెయ్యలేదంతే. కట్నం మొత్తం లెక్కపెట్టుకున్నాక గోత్రం దగ్గర అడ్డం తిరిగారు మీరు.

పోనీ నియమం అందరికీ ఒకటేనా? మీ కంపెనీ తానే చేసి అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 అనే యంత్రం ఉంది. అందులో ఉన్నదీ ఏడో తరమే, ఐ7 7820హెచ్‌క్యూ. 2021 ఆగస్టులో దాన్ని మాత్రం జాబితాలో చేర్చారు. మేనరికానికి తరాల లెక్క ఉండదు కాబోలు.

ఇందులో మీ తప్పు ఎంతో, మీ జాతకం తప్పు ఎంతో తేల్చుకుందామని పంచాంగాలు తీశాను. నవ్వకండి. నా బల్ల మీద కీబోర్డు ఎంత అరిగిందో పంచాంగమూ అంతే అరిగింది. కార్డు మీద ముహూర్తం ఒక్క ఘడియ అటూ ఇటూ పడితే తన్నులు తినేది నేనే.

మీరు భూమ్మీద పడ్డది 2021 అక్టోబర్ 5న. మంగళవారం. అది చాలదన్నట్టు మహాలయ పక్షాలు, తెల్లవారితే అమావాస్య. పితృదేవతలకు తర్పణాలు వదిలే రోజుల్లో కొత్త సరుకు దింపమని మీకు ఎవరు చెప్పారండీ? మా ఊళ్లో అయితే ఆ పక్షం రోజులు కొత్త చీపురు కూడా కొనరు. మీ పెద్దన్న విస్టా వచ్చిందీ మంగళవారమే, 2007 జనవరి 30. ఆయన సంసారం ఎలా సాగిందో మీకు తెలియంది కాదు.

ఎక్స్‌పీ సంగతి చూడండి. 2001 అక్టోబర్ 25, దసరా రోజులు, గురువారం. పదమూడేళ్లకు దగ్గరగా కంపెనీ అప్‌డేట్లిచ్చి పోషించింది. 2014 ఏప్రిల్ 8న, శ్రీరామనవమి నాడు, వడపప్పు పానకం వేళకి కన్నుమూశాడు. పుణ్యాత్ముడు. విండోస్ 7 వచ్చిందీ గురువారమే, 2009 అక్టోబర్ 22, కార్తీక మాసం. జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆయన్ని 2020 జనవరి 14న పంపించారు. ఆ రోజు భోగి. పాత సామాన్లు మంటలో వేసే పండగ మీ కంపెనీకి ఎలా తెలిసిందో గానీ, చక్కగా పాటించారు.

శుక్రవారం పుట్టిన 8 మాత్రం నా లెక్కకు లొంగలేదు. స్టార్ట్ బటన్ లేకుండా పుట్టినవాడికి ఏ వారమైతే ఏం లెండి. ఏడాదికి 8.1 రూపంలో ఆ బటన్ మళ్లీ అతికించారు. ఇక మా పదోవాడు 2015 జూలై 29న, ఆషాఢంలో పుట్టాడు. ఆ ఏడు అధికమాసం వచ్చి రెండు ఆషాఢాలు. శుభకార్యాలు లేక మా షాపు ఈగలు తోలుకుంటున్న రోజులవి. అయినా పదేళ్లు గొడ్డు చాకిరీ చేశాడు పాపం. మీ కంపెనీ ఉద్యోగి ఒకాయన ఆ సంవత్సరమే సభలో నిలబడి, విండోస్‌లో ఇదే ఆఖరిది అన్నాడు. ఆఖరి సంతానం అనుకున్నాక ఆరేళ్లకు మీరు. మా వైపు కూడా జరుగుతుంటుంది, తప్పులేదు.

మా షాపు గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నేనేదో మొండి మనిషిననుకుంటారు.

తలుపు పక్క మూలలో ఒక డెస్క్‌టాప్ ఉంది. డబ్బా ఒకప్పుడు తెల్లగా ఉండేదని నేను చెబితే కుర్రాడు నమ్మడు. ఏటా ఆయుధపూజకి పెట్టిన కుంకుమ బొట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని, నడిమధ్యలో పావలా బిళ్లంత గట్టి పొర తేలింది. గీరితే చెట్టు వయసు చెప్పినట్టు షాపు వయసు చెప్పొచ్చు. అందులో ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అను అనే తెలుగు ఫాంట్లు. పేజ్‌మేకర్‌కి 7 తర్వాత మరో పెద్ద వెర్షన్ రాలేదు. అది వచ్చింది 2001లో. తెలుగునాట సగం పెళ్లిళ్లు దాని మీదుగానే జరిగాయని నేను అంటాను, కాదనేవాళ్లు తమ కార్డు తెచ్చి చూపించాలి.

దాంతో ఒక్కటే చిక్కు. ఇప్పుడు మ్యాటర్ అందరూ వాట్సాప్‌లో పంపుతారు, అది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే అక్షరాల లెక్క. అను లెక్క వేరు, పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు. అందుకని లాప్‌టాప్‌లో మ్యాటర్ దించి, అనులోకి మార్చి, పెన్‌డ్రైవ్‌లో వేసి మూలకి మోసుకెళ్లాలి. ఆ మార్పిడిలో ఒక్కోసారి ఒత్తులు రాలిపోతాయి. ఓసారి "జ్యేష్ఠ పుత్రిక" కాస్తా "జ్యేష పుత్రిక" అయింది. ప్రూఫ్ నేనే చూశాను, కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి. ట్రేసింగ్ తీసి, స్క్రీన్ ప్రింటింగ్ కూడా అయ్యాక పెళ్లికూతురి నాన్నగారు కార్డు ముఖానికి దగ్గరగా పెట్టుకుని, "ఠ ఏదండీ?" అన్నారు. చాలా మెల్లగా అన్నారు. మూడొందల కార్డులు నా డబ్బుతో మళ్లీ వేశాను.

అప్పుడే పదోవాడి విలువ తెలిసింది. 2019 మే అప్‌డేట్‌లో వాడు తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పట్టుకొచ్చాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో "అమ్మాయి" అని కొడితే తెలుగులో అమ్మాయి వచ్చి కూర్చుంది. అను కీబోర్డు చేతులకెక్కిన మనిషిని, నాకెందుకు ఇవన్నీ అనుకున్నాను. వారం తిరక్కుండా ఉత్తరాలు, బిల్లులు, ఇదిగో ఈ లేఖ కూడా అలాగే కొడుతున్నాను. కార్డులు డిజైన్ చేసే కోరల్ డ్రా వాడి దగ్గరే, జీఎస్టీ వాడి దగ్గరే. అలాంటివాణ్ని 2025 అక్టోబర్ 14న, దీపావళి వారంలోకి వచ్చిందనగా, పోయినట్టు ప్రకటించారు. మళ్లీ మంగళవారం. అలవాటుగా పెద్దకర్మ పత్రిక ఫైలు తెరిచి, ఫొటో ఉండే చోట నాలుగు నీలం గళ్ల కిటికీ పెట్టి కూడా చూశాను. బాగానే వచ్చింది. ఏ పేరుతో సేవ్ చెయ్యాలో తోచక మూసేశాను.

పోయినవాణ్ని మరో ఏడాది కూర్చోబెట్టే పథకం కూడా మీవాళ్లే పెట్టారు. 30 డాలర్లు కట్టాలి, లేదంటే 1000 రివార్డు పాయింట్లు ఇవ్వాలి, అదీ కాదంటే సెట్టింగులు మీ క్లౌడ్‌లో దాచుకోనిస్తే ఊరికే. ఊరికే అన్న మాట కనబడగానే మా కుర్రాడి వేలు దానంతటదే నొక్కేసింది. ఆ గడువు 2026 అక్టోబర్ 13. అంటే సంవత్సరీకానికి సరిగ్గా ముందు రోజు. తిథి ప్రకారం కాదనుకోండి, అయినా ఆ మర్యాద నాకు నచ్చింది.

కుర్రాడు మాత్రం మీ వైపు. "పాతవి పట్టుకు వేలాడితే వైరస్‌లు వస్తాయి బాబాయ్" అంటాడు. వాడితో నేను వాదించను, ఎందుకంటే 2017 మేలో వానాక్రై అనే వైరస్ దాడి వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకే కొన్నింటికి తగిలింది. దానికి మందు మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు పడ్డారు. అందుకే మూలనున్న పెద్దాయనకి నెట్ వైరు ఉండదు. గుమ్మం దాటనివ్వని తాతయ్యకు ఊళ్లో జ్వరాలు అంటవు. పెన్‌డ్రైవ్ అనే మనవడు రోజూ ఊరంతా తిరిగొచ్చి తాతయ్య ఒళ్లోనే కూర్చుంటాడనేది వేరే సంగతి, దాని గురించి ఆలోచించడం మానేశాను.

దొడ్డిదారి ఉందని కూడా వాడే చెప్పాడు. రూఫస్ అనే పనిముట్టుతో పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, లేదా విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా, అదే రిజిస్ట్రీలో రెండు మార్పులు చేసి, ఏడో తరం మీద కూడా మిమ్మల్ని ఎక్కించెయ్యొచ్చట. అంటే పెద్దలు ఒప్పుకోకపోతే రిజిస్టర్ పెళ్లి. చేసుకోవచ్చు గానీ తర్వాత అప్‌డేట్లు వస్తాయన్న పూచీ మాది కాదని మీ కంపెనీ ముందే చెప్పేసింది. పుట్టింటివాళ్లు పండక్కి పిలవరన్నమాట. ఈ వయసులో, జీఎస్టీ రిటర్నులున్న లాప్‌టాప్‌ని అలా పంపించే ధైర్యం నాకు లేదు.

లినక్స్ మింట్ అని, విండోస్‌కి బదులు వేసుకునే ఇంకో సంబంధం చెప్పారు. కట్నం లేదు, తరాల గొడవ లేదు, కట్టుబట్టలతో వచ్చినా చాలంటారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు లినక్స్‌కి తెలుగు మొహమే తొడిగారు కూడా. నాకు నిజంగానే మనసైంది. కానీ ఆ ఇంట్లో కోరల్ డ్రాకి చోటు లేదు. కార్డు డిజైన్లన్నీ కోరల్ ఫైళ్లే. అత్తారిల్లు మంచిదని చేతిలో ఉన్న వృత్తి మానుకోలేం కదండీ.

మిమ్మల్ని చూడకుండా మాట్లాడుతున్నాననుకోవద్దు. పక్క జిరాక్స్ షాపులో కొత్త లాప్‌టాప్ కొన్నారు, టీ తాగుతూ అరగంట కూర్చున్నాను. మనిషి అందగాళ్లే. గుండ్రటి మూలలు, మెత్తటి రంగులు. స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి లేచి వచ్చి మధ్యలో కూర్చుంది. దాన్ని ఎడమకి జరుపుకోవచ్చని చూపించారు, సంతోషం. రైట్ క్లిక్ కొడితే నాలుగు ముక్కలు చూపించి, అడుగున "ఇంకా ఆప్షన్లు చూపించు" అని పెట్టారు. మా ఊరి బట్టల కొట్లలోనూ అంతే, మంచివి అడిగితే గానీ లోపల్నుంచి తియ్యరు.

ఇప్పటికి నా నిర్ణయం ఇది. తాతయ్య మూలలోనే ఉంటాడు. పదోవాడు గడువు ఉన్నన్నాళ్లు బల్ల మీద ఉంటాడు. మీ కోసం కొత్త లాప్‌టాప్ కొనడమంటే ఒక మాఘమాసం కార్డుల లాభం మొత్తం మీ చేతిలో పొయ్యడం. మంచి పెళ్లిళ్ల సీజన్ పడితే ఆలోచిస్తాను. పడకపోతే 2026 అక్టోబర్ 13 రానే వస్తుంది. చూశాను, అది కూడా మంగళవారమే, దసరా నవరాత్రుల్లో పడింది. వారం తిరక్కుండా ఆయుధపూజ. "ఈసారి లాప్‌టాప్‌కి బొట్టు పెడతావా, తీసేస్తావా బాబాయ్?" అని కుర్రాడు ఇప్పట్నుంచే నస పెడుతున్నాడు. పెట్టడమే. పసుపు, కుంకుమ, ఒక నిమ్మకాయ, పైన రెండు బంతిపూలు. లోపల ఎవరుంటే వాళ్లకి.

ఇట్లు,
అర్హత లేని ఏడో తరం తరఫున
ఒక డీటీపీ మనిషి

తా.క.: పన్నెండోవాడు పుట్టబోయే ముందు ఒక్క ఫోన్ కొట్టించండి. ఆ ఏడాది గురువారాలన్నీ చూసి పెడతాను. శుభలేఖలు కూడా మా దగ్గరే వేయించుకుంటే ప్రూఫ్ ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని చూస్తాను.