చేనికి రాని పిలకాయలు

2025 జూన్‌లో చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం పక్కనున్న మా ఊరికి పోయినప్పుడు చిన్నాయన తోతాపురి మామిడికాయలు కోయిస్తున్నాడు. దోటి పట్టినవాళ్లలో యాభై ఏళ్ల లోపు మనిషి ఒక్కడూ లేడు. "ఇప్పటి పిలకాయలకి ఒళ్లు వంగదురా. సెల్లు ఒకటుంటే చాలు" అన్నాడు. అమెరికా నుంచి వచ్చిన మేమంతా అవునవునని తలూపాం. మా పిల్లలు ఏసీ కారు దిగలేదన్నది వేరే సంగతి.

అట్లా తలూపడం నాకే నచ్చలేదు.

మా కాలంలో ఎండాకాలం సెలవులంటే విత్తనం చెనిక్కాయలు ఒలవడమే. వాన పడితే విత్తాలి కాబట్టి మే నెలంతా ప్రతి వసారాలో కాయల గుట్ట ఉండేది. మిషన్‌కి వేస్తే గింజ పగులుతుంది, పగిలింది మొలవదు. అందుకే మా చేతులు కావాలి. పడికి ఇంత అని కూలి. రెండో రోజుకే బొటనవేలు వాచేది. పళ్లతో కొరికితే అవ్వ కేకలేసేది, గింజకు గాటు పడుతుందని. నోట్లో వేసుకున్న గింజలకు మాత్రం ఎవరూ లెక్క అడగలేదు. దసరా సెలవుల్లో మళ్లీ చెనిక్కట్టె పెరకడం, కాయలు కొయ్యడం. ఆ డబ్బుతో నోటు పుస్తకాలు, చిత్తూరులో ఒక సినిమా.

ఇప్పుడు ఆ పని ఎక్కడుంది? వరసగా కరువులొచ్చి, అడవిపందులు మేసి, మా ఊళ్లో చెనిక్కాయ చేలు మామిడి తోపులైపోయాయి. తోతాపురి కోత జూన్, జూలైల్లో. బళ్లేమో జూన్ రెండో వారంలోనే తెరుస్తారు. పదహారేళ్ల వాడు అప్పటికి ఇంటర్ హాస్టల్లో ఉంటాడు. చిన్నాయన మనవడూ అక్కడే ఉన్నాడు, తిరుపతిలో. బడికి పంపితే తల్లికి ఏటా 15,000 ఇస్తామన్న అమ్మఒడి పథకం 2020 జనవరిలో మొదలైంది మన చిత్తూరులోనే. హాజరు 75 శాతం ఉండాలన్నారు. పిల్లలు బళ్లో ఉండాలనే కదా ఇదంతా. ఉన్నారు. మరి సణుగుడెందుకు?

చట్టం వల్ల అనుకుందామా? మన దగ్గర బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత పద్నాలుగేళ్ల లోపు పిల్లలు బడి వేళలు కాకుండా ఇంటి పనిలో సాయం చేయొచ్చు, బయట కూలికి పోకూడదు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం పన్నెండేళ్ల వాడు కూడా తల్లిదండ్రులు ఒప్పుకుంటే, బడి లేని సమయంలో, పొలంలో కూలి చేయొచ్చు. అయినా మేముండే అయోవాలోనూ ఇదే మాట. ఇక్కడ విత్తన మొక్కజొన్నలో మగపూత దూసే పని ఒకటుంది. చిన్నప్పుడు ఆ పనికి తెల్లారకముందే బస్సెక్కి పోయేవాళ్లమని పక్కింటాయన చెబుతాడు. ఇప్పుడు చాలావరకు యంత్రాలు దూస్తాయి, మిగిలింది చాలాచోట్ల హెచ్-2ఏ వీసా మీద మెక్సికో నుంచి వచ్చేవాళ్లు చేస్తారు. (కొన్నాళ్ల పొలం పనికి ఇచ్చే వీసా, మన హెచ్-1బీకి వరసకు తమ్ముడు లాంటిది.) పొలమే కాదు, అన్ని పనులూ కలిపి అమెరికా మొత్తంలో 1978 జూలైలో 16–19 ఏళ్ల వాళ్లలో నూటికి 70 మందికి పైగా పనుల్లో ఉన్నారు, లేదా పని వెతుక్కుంటున్నారు. ఇప్పుడు సగం మంది కూడా లేరు. ఇక్కడి మన పిల్లలైతే కాలేజీ సీటు కోసం ఎస్ఏటీ పరీక్ష కోచింగ్, వాలంటీర్ గంటలు. ఎదురు డబ్బు కట్టి స్ట్రాబెర్రీలు కోసొస్తారు, ఫొటోలకు.

అసలు చిక్కు కూలి దగ్గరుంది. 2025లో మా ఊళ్లో తోతాపురి కిలోకి 12 రూపాయలన్నారు. అందులో గుజ్జు ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం ఇచ్చేది 4. ఆ ధరకు కాయలమ్మి చిన్నాయన కూలి ఎంత పెంచగలడు? పద్దెనిమిది నిండిన కుర్రాడు శ్రీసిటీ పారిశ్రామికవాడకు పోయే కంపెనీ బస్సెక్కితే నీడన పని, నెల తిరిగితే జీతం. వాణ్ని సోమరి అనడానికి నాకు నోరు రాదు. నేనూ చెనిక్కాయలు ఒలవడం తప్పించుకోవడానికే కదా చదివింది!

పోయిన వారం ఫోన్లో ఇదంతా చెప్పి, ఈసారి కోతకు నేనూ దోటి పడతానన్నాను.

"నీకింకా యాభై నిండలేదు గదరా" అన్నాడు చిన్నాయన.