తొలి మహిళా స్పీకర్ సరే, రెండో ఆమె ఏరీ?

1999 నవంబరులో కావలి ప్రతిభా భారతి ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకర్ అయ్యారు. 2004 మే నెలాఖరు దాకా ఆ పదవిలో ఉన్నారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు గడిచాయి. రాష్ట్రం రెండయింది. ఒక కుర్చీ ఉన్నచోట రెండు కుర్చీలు వచ్చాయి, ఒకటి హైదరాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్ పక్కన, ఇంకొకటి వెలగపూడిలో. రెంటిలోనూ మరో మహిళ కూర్చోలేదు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఆమె పేరు ఒక మార్కు జవాబు. ఆ కుర్చీ ఒక మహిళకు ఏమిచ్చింది, బదులుగా ఏం తీసుకుంది అన్న లెక్క మాత్రం ఎవరూ పెద్దగా వేయలేదు.

ఆమె అనుకోకుండా కుర్చీ ఎక్కిన మనిషేం కాదు. తండ్రి పున్నయ్య శాసనసభ్యుడిగానూ, హైకోర్టు న్యాయమూర్తిగానూ పనిచేశారు. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల నుంచి ఆమె 1983, 1985, 1989, 1994, 1999 ఎన్నికల్లో వరసగా అయిదుసార్లు గెలిచారు. 1989లో తెలుగుదేశం అధికారం పోగొట్టుకున్నప్పుడు కూడా ఎచ్చెర్ల ఆమెను వదల్లేదు. ముప్పై ఏళ్లు నిండకముందే ఎన్టీఆర్ మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమ శాఖ చూశారు, చంద్రబాబు హయాంలో ఉన్నత విద్యాశాఖ చూశారు. అంటే స్పీకర్ అయ్యేనాటికి పదహారేళ్ల సభానుభవం ఉంది. ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

స్పీకర్ ఎన్నిక కాగితం మీద ఎన్నికే. సభ్యుల ప్రమాణ స్వీకారాలు ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్ ముందు పూర్తవుతాయి, నామినేషన్లు తీసుకుంటారు, ఒకే నామినేషన్ వస్తుంది, ఏకగ్రీవమని ప్రకటిస్తారు. సభానాయకుడూ ప్రతిపక్ష నేతా కలిసి కొత్త స్పీకర్‌ను కుర్చీ దాకా తోడ్కొని వెళతారు. పేరు మాత్రం అంతకుముందే ముఖ్యమంత్రి గదిలో ఖరారవుతుంది. కాబట్టి మహిళా స్పీకర్ ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది సభ కాదు, ముఖ్యమంత్రులు.

1999లో ఆ ఎంపిక వెనక లెక్క స్పష్టంగానే కనబడుతుంది. అప్పటికే ఢిల్లీలో లోక్‌సభ స్పీకర్‌గా జీఎంసీ బాలయోగి ఉన్నారు. ఆయనా తెలుగుదేశమే, ఆయనా దళితుడే. అటు పార్లమెంటులో, ఇటు హైదరాబాద్‌లో రెండు అధ్యక్ష స్థానాల్లోనూ ఒకే పార్టీకి చెందిన దళిత నేతలు కూర్చోవడం చిన్న విషయం కాదు. అయితే గౌరవం ఎక్కువ, నిధులు తక్కువ ఉన్న పదవులను ఇలా పంచడం మన పార్టీలన్నిటికీ అలవాటే. పెద్ద శాఖలు ఒకరి చేతిలో, పెద్ద కుర్చీ ఇంకొకరి కింద. హైదరాబాద్ శాసనసభలో అధ్యక్ష స్థానాలు దక్కిన మహిళల్లో 1960లో డిప్యూటీ స్పీకర్ అయిన టి.ఎన్. సదాలక్ష్మి, ప్రతిభా భారతి, 2007 నుంచి 2009 దాకా డిప్యూటీ స్పీకర్‌గా చేసిన కుతూహలమ్మ, ముగ్గురూ దళిత మహిళలే. తెలంగాణ తొలి డిప్యూటీ స్పీకర్ పద్మా దేవేందర్ రెడ్డిది వేరే నేపథ్యం. ఒకే నియామకంతో రెండు లోటుల్నీ తీర్చామని చెప్పుకునే వీలు పార్టీలకు బాగా నచ్చుతుంది.

ఇక కుర్చీకి ఉన్న అధికారం సంగతి. రాజ్యాంగం 189వ అధికరణ ప్రకారం స్పీకర్ మొదట ఓటు వేయరు, ఓట్లు సమానమైతేనే నిర్ణాయక ఓటు. 294 స్థానాల సభలో తెలుగుదేశానికి 180, కాంగ్రెస్‌కు 91 ఉన్నప్పుడు ఆ ఓటు అవసరమే రాదు. 1985లో శాసనమండలి రద్దయింది, 2007 దాకా తిరిగి రాలేదు. పై సభ లేదు కాబట్టి బిల్లు ఇక్కడ గట్టెక్కితే గవర్నర్ దగ్గరికే. ఏది ద్రవ్య బిల్లో తేల్చే మాట స్పీకర్‌దే. ఫిరాయింపుల మీద పదో షెడ్యూలు కింద తీర్పు చెప్పేదీ స్పీకరే.

రోజువారీగా చూస్తే అసలు అధికారం సమయం మీద. ఏ అంశానికి ఎన్ని గంటలో సభా వ్యవహారాల సలహా కమిటీ (బీఏసీ)లో తేలుతుంది, ఎవరి మైకు ఎప్పుడు మోగాలో కుర్చీ దగ్గర తేలుతుంది. తేడా వచ్చేదీ ఇక్కడే. ప్రతిపక్షం వాయిదా తీర్మానం ఇస్తుంది. స్పీకర్ తిరస్కరించి ప్రశ్నోత్తరాలు మొదలుపెడతారు. సభ్యులు ప్లకార్డులతో పోడియం చుట్టుముడతారు. మైకు కట్. పది నిమిషాలు వాయిదా. తిరిగి కూర్చున్నాక శాసనసభా వ్యవహారాల మంత్రి సస్పెన్షన్ తీర్మానం పెడతారు, మూజువాణి ఓటుతో అయిపోతుంది, మార్షల్స్ వస్తారు. ఆ మధ్యాహ్నమే రెండు మూడు బిల్లులు నిమిషాల్లో పాసవుతాయి. డివిజన్ కోరి ఓట్లు లెక్కపెట్టించే హక్కు ప్రతిపక్షానికి ఉంటుంది కానీ, బయటికి వెళ్లిపోయినవాళ్లు దాన్ని వాడుకోలేరు. వాకౌట్ చేసేవాళ్లు ఈ నష్టం లెక్కేసుకున్నట్టు ఎప్పుడూ కనిపించదు.

ప్రతిభా భారతి హయాం అలాంటి ఒత్తిళ్లతోనే మొదలైంది. 2000లో విద్యుత్ చార్జీల పెంపు మీద వైఎస్ రాజశేఖరరెడ్డి నాయకత్వంలో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు నిరాహార దీక్షకు దిగారు. ఆగస్టు 28న వామపక్షాల ఛలో అసెంబ్లీ మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. అది శాసనసభకు కూతవేటు దూరం. మరుసటి ఏడాది ఇంకో మలుపు. ఆమె కింద డిప్యూటీ స్పీకర్‌గా ఉన్నది సిద్దిపేట ఎమ్మెల్యే కె. చంద్రశేఖరరావు. 179వ అధికరణ ప్రకారం డిప్యూటీ స్పీకర్ తన రాజీనామాను స్పీకర్‌కే రాయాలి. 2001 ఏప్రిల్‌లో కేసీఆర్ పదవినీ, సభ్యత్వాన్నీ, పార్టీనీ వదిలి, 27న టీఆర్ఎస్ పెట్టారు. మలిదశ తెలంగాణ ఉద్యమ చరిత్రలో తొలి కాగితాలు ఒక స్పీకర్ బల్ల మీదికి చేరిన రాజీనామాలే.

కానీ ఆ కుర్చీ స్వభావాన్ని అన్నిటికంటే బాగా చూపించేది 2000 నాటి ఎస్సీ వర్గీకరణ చట్టం. 15 శాతం రిజర్వేషన్‌ను రెల్లి తదితరులకు 1, మాదిగ తదితరులకు 7, మాల తదితరులకు 6, ఆది ఆంధ్రలకు 1గా విడగొట్టిన చట్టమది. దళిత సమాజాన్ని అంతగా కదిలించిన, అంతగా చీల్చిన బిల్లు ఆ దశాబ్దంలో మరొకటి లేదు. అది సభకు వచ్చినప్పుడు స్పీకర్ ఒక దళిత మహిళ. చర్చ నడపాలి తప్ప అటో ఇటో మాట్లాడకూడదు, ఓటు వేయకూడదు. అదే కాలంలో ఆ బిల్లు కోసం మాదిగ దండోరా ఉద్యమ సభల్లో గొంతెత్తినవాళ్లలో టి.ఎన్. సదాలక్ష్మి ఒకరు. నలభై ఏళ్ల కింద ఇదే సభకు డిప్యూటీ స్పీకర్‌గా ఉన్న మనిషి ఆమె. కుర్చీ దిగి ఏనాడో బయటికొచ్చిన ఆమె ఏ మాటైనా అనగలిగారు. కుర్చీలో ఉన్న ఆమె అనలేకపోయారు. 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. సదాలక్ష్మి కన్నుమూసిందీ ఆ ఏడాదే. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పాత తీర్పును తోసిపుచ్చింది. 2025లో తెలంగాణ కొత్త వర్గీకరణ చట్టాన్ని అమల్లోకి తెచ్చింది.

సదాలక్ష్మి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ ఆమెను దాదాపు మరిచిపోయింది. సికింద్రాబాద్ ప్రాంతపు దళిత కుటుంబంలో పుట్టి, నిజామాబాద్ జిల్లా నుంచి శాసనసభకు వచ్చి, 1960లో డిప్యూటీ స్పీకర్ అయ్యారు. అప్పుడు ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య. తర్వాత దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేశారు. దళితులకు ఎన్నో గుళ్లలో ప్రవేశమే లేని రోజుల్లో గుళ్ల ఫైళ్లు దళిత మహిళ సంతకంతో కదిలాయి. 1969 తెలంగాణ ఉద్యమంలోనూ ముందు నిలిచారు. అధ్యక్ష స్థానం ఆమెకు మజిలీ మాత్రమే అయింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1927లో మద్రాసు శాసనమండలి ఉపాధ్యక్షురాలై, 1930లో గాంధీ అరెస్టుకు నిరసనగా రాజీనామా చేసి వెళ్లిపోయారు. రాజ్యాంగ సభ అధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్, ఆ తర్వాత పెద్ద సంస్థలే నిర్మించారు. కుర్చీ దిగాకే వీళ్ల అసలు పని కనబడింది.

ప్రతిభా భారతికి దిగాక దారి దొరకలేదు. కుర్చీకి ముందు అయిదు విజయాలు, కుర్చీ తర్వాత శాసనసభకు ఒక్కసారీ గెలవలేదు. 2004లో ఎచ్చెర్లలో ఓడారు. స్పీకర్ చేసినవాళ్లు మళ్లీ గెలవరన్న సెంటిమెంట్ మన రాజకీయాల్లో గట్టిగా ఉంది. సురేశ్ రెడ్డి, నాదెండ్ల మనోహర్, మధుసూదనాచారి, కోడెల, తమ్మినేని ఓడిపోయారు కదా అంటారు. మరి యనమల 1999లో గెలిచారు, పోచారం 2023లో గెలిచారు. జాతకం సంగతి పక్కనబెడితే కారణాలు మామూలువే. స్పీకర్ పార్టీ సభల్లో తిరగకూడదు, నియోజకవర్గ సమస్య మీద సభలో ప్రశ్న అడగకూడదు, ప్రభుత్వాన్ని నిలదీయకూడదు. ప్రభుత్వం మీద కోపం మాత్రం అందరితో పాటే మోయాలి. 2004లో అదే జరిగింది. పదో షెడ్యూలు 5వ పేరా ప్రకారం స్పీకర్‌గా ఎన్నికైనవాళ్లు పార్టీకి రాజీనామా చేసినా అనర్హత పడదు. ఆ నిబంధన పుట్టకముందే, 1967లో, నీలం సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకర్ కాగానే కాంగ్రెస్ వదిలేశారు. కానీ వచ్చే ఎన్నికలో టికెట్ ఇచ్చేది పార్టీయే అయినప్పుడు ఆ త్యాగం ఎవరికి గిట్టుబాటు?

ఆ ఏడాది ఇంకో వింత. 2003 నవంబరులోనే సభ రద్దయింది. రాజ్యాంగం ప్రకారం సభ రద్దయినా స్పీకర్ పదవి పోదు, కొత్త సభ తొలిసారి కూర్చోబోయే దాకా ఉంటుంది. అందువల్ల ఎన్నికలో ఓడిపోయాక కూడా కొన్నాళ్లు ఆమె స్పీకరే.

రెండో దెబ్బ నియోజకవర్గాల పునర్విభజన కొట్టింది. 2009 ఎన్నికలకు ఎచ్చెర్ల జనరల్ అయింది, పక్కనున్న రాజాం ఎస్సీ రిజర్వుడు అయింది. పాతికేళ్లు సాకిన ఊళ్లు వదిలి రాజాం వెళ్లి పోటీ చేసి 2009లో, 2014లో ఓడారు. చివరికి 2015లో ఎమ్మెల్సీ. మహిళా రిజర్వేషన్ గురించి మాట్లాడేవాళ్లు ఈ ఉదాహరణను జాగ్రత్తగా చదవాలి. 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణలో మహిళల స్థానాలు ప్రతి పునర్విభజన తర్వాత మారతాయి. సీటు మారితే సీనియారిటీ తెగుతుంది. సీనియారిటీ లేనివాళ్లను స్పీకర్ చేయరు.

పదహారేళ్ల అనుభవం మాట ఇక్కడ పనికొస్తుంది. తెలంగాణలో 2018లో గెలిచిన మహిళలు 6, 2023లో 119 మందిలో 10. ఆ పదిలో అధికారపక్షం వాళ్లు ఆరుగురు. కొండా సురేఖ, సీతక్క మంత్రులయ్యారు. యశస్విని రెడ్డి, పర్ణికా రెడ్డి, మట్టా రాగమయి తొలిసారి గెలిచినవాళ్లు. మిగిలింది రెండోసారి సభకు వచ్చిన కోదాడ ఎమ్మెల్యే పద్మావతి, ఆమె భర్త ఉత్తమ్ కుమార్ రెడ్డి మంత్రి. సబిత, సునీతా లక్ష్మారెడ్డి లాంటి అనుభవజ్ఞులు ప్రతిపక్షంలో ఉన్నారు. ముఖ్యమంత్రికి మనసున్నా ఎంచుకోవడానికి మనుషులు లేరు. ఈ కరువు పార్టీలు టికెట్లు పంచిన రోజునే మొదలైంది.

106వ సవరణ సీట్ల గురించి చెబుతుంది, కుర్చీల గురించి చెప్పదు. పంచాయతీరాజ్‌లో అలా కాదు. 243డి అధికరణ సర్పంచ్, ఎంపీపీ, జడ్పీ చైర్‌పర్సన్ పదవుల్లోనే కనీసం మూడో వంతు మహిళలకు కేటాయించింది. హైదరాబాద్‌కు 1960లలోనే కుముదినీ దేవి, సరోజినీ పుల్లారెడ్డి మేయర్లుగా ఉన్నారు. 2021లో గద్వాల విజయలక్ష్మి వచ్చింది మేయర్ పదవి మహిళకు రిజర్వ్ కావడం వల్ల. శాసనసభకు అలాంటి నిబంధన తేవాలంటే మళ్లీ రాజ్యాంగ సవరణ. అది ఇప్పట్లో అయ్యే పని కాదు.

సవరణ అక్కర్లేని దారి ఒకటుంది. స్పీకర్, డిప్యూటీ స్పీకర్ ఇద్దరూ లేని సమయంలో సభ నడపడానికి ప్యానెల్ స్పీకర్ల పేర్లను స్పీకర్ స్వయంగా ప్రకటిస్తారు. తొలిసారి గెలిచిన మహిళలను కూడా అందులో వేసి, లాంఛనానికి పావుగంట కాకుండా, పద్దుల మీద చర్చ నడిచే పొద్దుల్లో కూర్చోబెట్టవచ్చు. పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేచినప్పుడు అప్పటికప్పుడు రూలింగ్ ఇవ్వడం, కోత తీర్మానాలను వరసగా ఓటుకు పెట్టడం, గొడవలో మైకు ఎవరికివ్వాలో తేల్చడం అక్కడ తప్ప ఇంకెక్కడా రావు. ప్రజాపద్దుల, అంచనాల, ప్రభుత్వరంగ సంస్థల కమిటీల అధ్యక్ష స్థానాల్లోనూ ఇంతే. వీటికి మెజారిటీ అక్కర్లేదు, 106వ సవరణలా జనగణన కోసం ఆగనక్కర్లేదు, స్పీకర్ సంతకం చాలు.