కీబోర్డుకు టేకు బాడీ: పెద్దమ్మకీ నాకూ తెగని వాదన

అమలాపురంలో మా పెద్దమ్మ డీటీపీ సెంటర్ నడిపిన రోజుల్లో వాడిన ఐబీఎం మోడల్ ఎమ్ కీబోర్డు ఇప్పుడు నా దగ్గరుంది. 1985లో మొదలైన మోడల్ అది, 101 కీలు, రెండు కిలోల పైచిలుకు బరువు. 1996 నవంబరు 6 తుఫానుకి కొట్టు రేకులు లేచిపోయి ఒక దూలం దాని మీద పడితే కింది డిప్ప మూల పగిలింది, అప్పుడు అతికించడానికి పెట్టిన ఎంసీలు ముద్ద ఈమధ్య ఊడిపోయింది. మండువా ఇల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు చెక్కతో కొత్త బాడీ చేద్దామని నేను, వద్దని పెద్దమ్మ. చట్రం వడ్రంగి చేత కోయించి తెచ్చాక, మొన్న ఆదివారం వసారాలో కూర్చుని తేల్చుకుందామనుకున్నాం.

పెద్దమ్మ: అడక్కుండా కోయించేశావు. సరే, ముందు ఇది చెప్పు. విరిగింది ఏంటి? స్క్రూ ఎక్కే గొట్టం ఒకటీ, దాని పక్కన అరచేయంత ముక్కా. దానికి మొత్తం బాడీ మార్చేస్తారా ఎవరైనా? మీ ఫ్రెండ్ దగ్గర త్రీడీ ప్రింటర్ ఉందన్నావుగా, ఆ గొట్టం ఒక్కటీ ప్రింట్ చేసి అతికించు.

నేను: ఆ ఆలోచన నాకూ వచ్చింది పెద్దమ్మా. గొట్టం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గట్టిగా ఉంటే అలాగే చేసేవాణ్ణి. అది పెళుసెక్కిపోయింది, స్క్రూ బిగించిన ప్రతిసారీ పగులు ఇంకొంచెం పాకుతోంది.

పెద్దమ్మ: అయితే డిప్ప మొత్తం ప్రింట్ చెయ్యి. అచ్చం పాతదానిలాగే ఉంటుంది.

నేను: కీబోర్డు పొడవు 49 సెంటీమీటర్లు. ఇళ్లల్లో వాడే ప్రింటర్లు చాలావరకు ఒక్కసారికి 22 సెంటీమీటర్లే ప్రింట్ చేస్తాయి, అంటే మూడు ముక్కలు, మధ్యలో రెండు అతుకులు. పైగా వాళ్లు వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో కార్లో మర్చిపోతే అప్పడంలా వంకర తిరుగుతుంది.

పెద్దమ్మ: మరి చెక్క తిరగదా? ఈ ఇంట్లో వానాకాలం వస్తే పెరటి తలుపు భుజం పెట్టి తొయ్యాలి. ఉప్పుగాలి, చుట్టూ కాలవలు, చేలల్లో ఎప్పుడూ నీళ్లే. కోనసీమలో చెక్కపని అంటే ముందు తేమ గురించి ఆలోచించాలి, అందం తర్వాత.

నేను: ఆలోచించాను, అందుకే పలకని తొలిచి పెట్టె చెయ్యలేదు. చెక్క ఉబ్బేది అడ్డంగా, ఈనె (చెక్కలో కనిపించే చారలు) పొడవునా దాదాపు కదలదు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న ఒక్క పలకైతే ఎండకీ వానకీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది, కీబోర్డుకి అది చాలా ఎక్కువ, ఎందుకంటే రెండు కీల మధ్య దూరమే 19.05 మిల్లీమీటర్లు, అంచు కీకి బాడీకి మధ్య ఉండే సందు ఇంకా చిన్నది. అందుకని నాలుగు సన్నటి పట్టీలతో చట్రం, ముందూ వెనకా పట్టీలకి ఈనె పొడవునా, పక్క పట్టీలకి ముందునుంచి వెనక్కి. కీల కిందుండే లోపలి స్టీలు ప్లేటు చట్రానికి బిగుసుకోదు, స్క్రూ రంధ్రాలు కోలగా పెట్టాను. మన పాత తలుపుల్లో పలక చట్రంలో వదులుగా ఉంటుంది చూడు, అదే పని.

పెద్దమ్మ: తలుపు సంగతి తెలుసు. వంపు సంగతి ఏం చేశావు?

(ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఆవిడ చేతులకి గుర్తుంది మరి.)

నేను: అదే అన్నిటికంటే కష్టమైంది. మామూలు కీబోర్డులో ప్లేటు చదునుగా ఉండి, వరసకో ఎత్తు చొప్పున కీలు పోత పోస్తారు. ఇందులో కీలన్నీ ఒకే ఆకారం, ప్లేటే వంగి ఉంటుంది. చదును చట్రం పెడితే పై వరసా కింది వరసా పైకి తేలి మధ్యవి మునిగిపోతాయి. అందుకని నీ శుభలేఖల అట్టలు మిగిలాయి కదా, వాటిని ప్లేటు పక్కన ఆనించి కత్తిరించి, సరిపోయేదాకా ఏడు అట్టలు పాడుచేసి, ఎనిమిదోదాన్ని చెక్క మీద గీసి కోయించాను.

పెద్దమ్మ: అట్ట ఇలా తే. ...ఇక్కడ, స్పేస్ బార్ దగ్గర, కొంచెం ఎక్కువ గీశావు. బొటనవేలు చెక్కకి తగులుతుంది.

నేను: చిత్రిక పట్టిస్తాను.

పెద్దమ్మ: చప్పుడు మాటేంటి? పేజ్‌మేకర్లో అనూ ఫాంట్లతో శుభలేఖ కొడుతుంటే నేను స్క్రీన్ చూసేదాన్ని కాదు. కీ సరిగ్గా పడిందో లేదో చెవికి తెలిసేది. లోపల స్ప్రింగు మడత పడ్డప్పుడు ఆ టక్‌మనే శబ్దం, దాని వెనక బోలు డిప్పలోంచి వచ్చే ఆ గణగణ, రెండూ కలిస్తేనే నా కీబోర్డు. దళసరి టేకు పెడితే ఆ గణగణ చచ్చిపోతుంది.

నేను: తగ్గుతుంది, నిజమే. టక్ మాత్రం ఎక్కడికీ పోదు, స్ప్రింగూ దాని కిందున్న సుత్తీ అవే కదా. నాకు ఆ టక్ ఒక్కటే శుభ్రంగా వినాలనుంది.

పెద్దమ్మ: నీకు. నాకు కాదు.

నేను: ...సరే, అది నీకు నష్టమే. ఒప్పుకుంటున్నాను. కానీ పగిలిన డిప్పతో మూల ఊగుతుంటే నువ్వు కూడా వాడటం లేదు, రెండేళ్లుగా బీరువా మీదే ఉంది.

పెద్దమ్మ: ఇంకోటి. లోపల ప్లేటుని పట్టి ఉంచే ప్లాస్టిక్ రివెట్లు కొన్ని రాలిపోయాయని, అన్నీ చెక్కేసి బోల్టులు పెడతానన్నావు. దానికి మాత్రం అస్సలు ఒప్పుకోను. బాడీ నచ్చకపోతే రేపు తీసెయ్యొచ్చు, డ్రిల్ పెట్టిన రంధ్రం పూడదు.

నేను: పదకొండు రాలాయి, అన్నీ కింది వరసలోవే. అక్కడ ప్లేటు వదులై మెంబ్రేన్, అంటే కీ పడిందని పసిగట్టే పల్చటి పొర, సరిగ్గా నొక్కుకోవడం లేదు. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి అన్నీ ఒకేసారి మార్చేస్తే...

పెద్దమ్మ: రాలిన పదకొండుకే బోల్టులు పెట్టు. ఉన్నవాటిని ముట్టుకోకు. పాత డిప్ప పారెయ్యకూడదు, దాని కింద తేదీ లేబుల్ ఉంది, ఊడిన ఎంసీలుతో సహా గుడ్డలో చుట్టి నాకివ్వు. ఆ ఎంసీలు పెట్టింది మీ పెదనాన్న.

నేను: ఇస్తాను. ప్లేటుకున్న ఎర్తు వైరు కూడా కొయ్యను, పొడవు సరిపోకపోతే వేరే వైరు కలుపుతాను. అయితే బిగించెయ్యనా?

పెద్దమ్మ: ఇప్పుడే కాదు. ఆషాఢం వస్తోంది. ఉత్త చట్రాన్ని ఈ వసారాలో, జల్లు కొట్టే వైపు పెట్టు. మూల నుంచి మూలకి నెలకోసారి కొలువు. కార్తీకం దాకా నిలబడితే అప్పుడు కీబోర్డు అందులో పెట్టు.

నేను: నాలుగు నెలలా పెద్దమ్మా?

పెద్దమ్మ: టేపు తే.

కొలిచాం. రెండు మూలల వైపూ 562 మిల్లీమీటర్లే వచ్చింది. ఆవిడ గోడ క్యాలెండర్లో ఆ రోజు గడిలో పెన్సిల్‌తో 562 అని రాసి, కింద చిన్నగా నా సంతకం కూడా పెట్టించింది.