టామ్ ఫిన్నీ నమ్మినబంటు కాదు

బ్రిటన్‌లోని మన తెలుగు సంఘం పిక్నిక్‌లలో ఫుట్‌బాల్ మాట వస్తే చాలు, పెద్దలు ఒక పాత పల్లవి ఎత్తుకుంటారు. ఇప్పటి ఆటగాళ్లకు డబ్బే లోకమనీ, వెనకటివాళ్లు ఒకే క్లబ్బును నమ్ముకుని బతికారనీ. సాక్ష్యంగా టామ్ ఫిన్నీ పేరు చెబుతారు. ఆయన ఆట మీద నాకు ఎనలేని గౌరవం. ఆయనకు తొడిగిన నమ్మినబంటు వేషమే నాకు నచ్చదు.

ఫిన్నీ 1922లో లాంకషైర్‌లోని ప్రెస్టన్‌లో, డీప్‌డేల్ మైదానానికి కూతవేటు దూరంలో పుట్టారు. ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్ కుర్రవాడిగా ఉన్నప్పుడే పిలిచింది. ముందు ప్లంబింగ్ పని పూర్తిగా నేర్చుకోవాలని తండ్రి పట్టుబట్టారు. ఆ తండ్రి మాట మన ఇళ్లలో వినేదే కాబట్టి దాని విలువ మనకు చెప్పనక్కర్లేదు. తర్వాత యుద్ధం వచ్చింది. ఈజిప్టు, ఇటలీలలో సైన్యంలో పనిచేసి, 1946లో లీగ్‌లో మొదటి ఆట ఆడేనాటికి ఆయనకు 24 ఏళ్లు. మరుసటి నెలలోనే ఇంగ్లండ్ జట్టులో చోటు దొరికింది.

సహజంగా ఎడమ కాలి ఆటగాడు, ఎక్కువగా ఆడింది కుడి వింగ్‌లో, అంటే మైదానం కుడి అంచున. ఏ కాలితో ఎటు తిరుగుతారో ఆ అంచు కాచే ఎదుటి ఫుల్‌బ్యాక్‌కు అంతుపట్టేది కాదు. 1947లో లిస్బన్‌లో పోర్చుగల్‌ను ఇంగ్లండ్ 10-0తో ఓడించినప్పుడు కుడివైపు స్టాన్లీ మాథ్యూస్, ఎడమవైపు ఫిన్నీ. వీరిద్దరిలో ఎవరు గొప్ప అన్న వాదన ఈ దేశంలో ఇంకా తెగలేదు. నా ఓటు ఫిన్నీకే. మాథ్యూస్ బంతిని గీత వెంట మోసుకెళ్లి ఇతరులకు అందించడంలో మాంత్రికుడు. ఫిన్నీ ఆ పనీ చేశారు, గోల్స్ కూడా కొట్టారు. కుడి వింగ్, ఎడమ వింగ్, అవసరమైతే సెంటర్ ఫార్వర్డ్: ఇంగ్లండ్‌కు 76 మ్యాచ్‌లలో 30 గోల్స్. ప్రెస్టన్‌కు లీగ్‌లో 433 మ్యాచ్‌లు, 187 గోల్స్. 1954లోనూ 1957లోనూ ఏటి మేటి ఆటగాడి పురస్కారం ఆయనదే. రెండుసార్లు అందుకున్న మొదటివారు ఆయనే.

లీగ్ టైటిల్ మాత్రం దక్కలేదు. 1953లో ప్రెస్టన్ ఆర్సెనల్‌తో పాయింట్లు సమానమై, గోల్ సగటులో (కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించిన లెక్కలో) వెనకబడి రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు.

ఇక డబ్బు సంగతి. ఆ రోజుల్లో ఆటగాడి జీతానికి లీగే పైకప్పు వేసింది. 1952లో సీజన్ నడిచే కాలంలో వారానికి 14 పౌండ్లు. ఎంత మేటి వింగర్‌కైనా అంతకు మించి ఇవ్వకూడదు. టికెట్ల డబ్బు క్లబ్బు పెట్టెలోకి వెళ్లేది. ఫిన్నీ పైపులు బిగించే పని మానలేదు, సోదరుడితో కలిసి ప్లంబింగ్ వ్యాపారమూ నడిపారు. దాన్ని నిరాడంబరత అని మురిసిపోతారు. నాకైతే అది ముందుచూపు.

అదే ఏడాది ఇంగ్లండ్ జట్టు ఇటలీ వెళ్లినప్పుడు పలెర్మో క్లబ్ అధిపతి, ఒక రాకుమారుడు, ఫిన్నీని అడిగారు. సంతకానికి 10,000 పౌండ్లు, నెలకు 130 పౌండ్ల జీతం, ఉండటానికి విల్లా, తిరగడానికి కారు. ఫిన్నీ ఆ సంగతి దాచలేదు, ప్రెస్టన్ ఛైర్మన్‌కే చెప్పారు. ఛైర్మన్ ససేమిరా అన్నారు. కథ అక్కడితో ముగిసింది.

ఎందుకు ముగిసిందో విధేయత పాట పాడేవారు చెప్పరు. ఒప్పందం గడువు తీరినా ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్బు చేతిలోనే ఉండేది. క్లబ్బు వదలకపోతే ఇంకెక్కడా ఆడే వీల్లేదు. 1950లో ఇంగ్లండ్ ఆటగాడు నీల్ ఫ్రాంక్లిన్ తన క్లబ్బు స్టోక్‌ను వదిలి కొలంబియా వెళ్లారు. తిరిగొచ్చాక సస్పెన్షన్ ఎదురైంది, ఇంగ్లండ్ జట్టు తలుపు మళ్లీ తెరుచుకోలేదు. ఇది ఫిన్నీ కళ్లముందు జరిగిన సంగతే.

ప్రెస్టన్ మీద ఆయనకు ప్రేమ లేదని నేననడం లేదు. బతుకంతా ఆ ఊళ్లోనే గడిపారు, క్లబ్ అధ్యక్షుడిగానూ ఉన్నారు. ఛైర్మన్ సరేనని ఉంటే వెళ్లేవారో, ఆగేవారో. ఆ నిర్ణయం ఆయన చేతికే రాలేదన్నది నా అభ్యంతరం. మనలో చాలామంది ఈ దేశంలో అడుగుపెట్టింది యజమాని స్పాన్సర్‌షిప్ మీదే. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో మరో దారి చూసుకోవాలన్న భయమూ మనకు తెలుసు. మరో స్పాన్సర్ దొరికితే మనం మారగలం, ఫిన్నీకి అదీ లేదు. ఇదంతా ఎరిగిన మనమే, బయట గడియ పెట్టిన ఇంట్లోని మనిషిని గడప దాటలేదని మెచ్చుకోవడం నాకు వింతగా తోస్తుంది.

ఫిన్నీ 1960 ఏప్రిల్‌లో ఆట విరమించారు. 1961 జనవరిలో జీతం పైకప్పు ఎగిరిపోయింది, ఫుల్‌హామ్ ఆటగాడు జానీ హేన్స్ జీతం వారానికి 100 పౌండ్లైంది. ప్రెస్టన్ ఆ వేసవికి రెండో డివిజన్‌లోకి జారి, ఇప్పటికీ పై డివిజన్‌కు ఎక్కలేదు. ఆటగాణ్ణి అట్టిపెట్టుకునే పద్ధతి మీద తన క్లబ్బు న్యూకాజిల్‌తో కోర్టుకెక్కిన ఆటగాడు జార్జ్ ఈస్టమ్. అది అన్యాయమైన నిర్బంధమని 1963లో తీర్పు వచ్చింది. ఆ ఏడాదే బెల్‌ఫాస్ట్ క్లబ్ డిస్టిలరీకి మేనేజర్‌గా ఉన్న ఈస్టమ్ తండ్రి అడిగితే, 41 ఏళ్ల ఫిన్నీ యూరోపియన్ కప్‌లో బెన్‌ఫికా మీద ఒక మ్యాచ్ ఆడివచ్చారు. ఆట 3-3తో డ్రా.