మా మిల్లులో మార్చి నాలుగు

మండపేట వైపు కాలవ గట్టున ఉన్న మా రైస్ మిల్లులో ప్రమాదాలు జరగవు. ఒకవేళ జరిగినా రికార్డుకెక్కవు. ఎక్కించాల్సినవాణ్ణి నేనే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ గుమాస్తాని. మూడేళ్ళ కిందట ఓనరుగారు పిలిచి, "గుమాస్తాగారూ, ఆ సేఫ్టీ ఏదో కూడా మీరే చూసెయ్యండి. పెద్ద పనేం ఉండదు" అన్నారు. జీతం పెరగలేదు. పనీ ఉండదన్నారు కాబట్టి లెక్క సరిపోయింది.

పని ఉండేది ఏడాదికి ఒక్కరోజు. పనిచేసే చోట ప్రమాదాలు తగ్గించడానికని జాతీయ భద్రతా మండలి 1966 మార్చి 4న పుట్టిందట, అందుకని ఏటా ఆ రోజు భద్రతా దినం. దాళ్వా ధాన్యం ఇంకా రాదు, అందరికీ తీరికే. ఫ్లెక్సీ పైదూలానికి కట్టాలి. నిచ్చెన పొట్టిది. కిందటేడు రెండు బస్తాలు పేర్చి, వాటి మీద నిచ్చెన నిలబెట్టి, ఓ కుర్రాణ్ణి ఎక్కించి "భద్రత మనందరి బాధ్యత" అని కట్టించాం. కుర్రాడు జారాడు గానీ తిన్నగా తవుడు గుట్ట మీద పడ్డాడు. తవుడు ఎక్కడపడితే అక్కడ పొయ్యొద్దని రాసి వెళ్ళే ఇన్‌స్పెక్టర్లు ఈ సంగతి గమనించాలి.

హెల్మెట్లు పన్నెండు, మనుషులు నలభై మంది. ముందు వరస పెట్టుకుంటే ఫొటోలో అందరికీ ఉన్నట్టే. మర్నాటి నుంచి అవి బీరువా మీదే ఉంటాయి, ఒక్కటి తప్ప. దాన్ని వంటమామ్మ పట్టుకెళ్ళి కోడిగుడ్లు పోసుకుంది. అడిగితే, "ఇందులో పెడితే పగలవు బాబూ" అంది. హెల్మెట్ ఎందుకో మా మిల్లులో తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

తిరిగే యంత్రానికి కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అంది. మాకూ బెల్టు ముందు ఇనప జాలీ ఉండేది. బెల్టు జారినప్పుడల్లా నాలుగు బోల్టులు విప్పాలి, మళ్ళీ బిగించాలి, ఈలోగా మిల్లు ఆగుతుంది. నిరుడు దసరాకి విప్పాక మళ్ళీ బిగించలేదు. అలాగని వృథా చెయ్యలేదు. పెరట్లో కోడిపిల్లల మీద బోర్లించాం. గద్ద ఒక్క పిల్లనీ ఎత్తుకుపోలేదు. బెల్టుకి మాత్రం ప్రతి శుక్రవారం నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు కడుతున్నాం, మిల్లు ఆపకుండానే. నడుస్తున్న యంత్రం దగ్గరికి వెళ్ళేవాడు ఒంటికి బిగుతైన బట్టలే వేసుకోవాలని కూడా ఆ చట్టంలో ఉండేది. మా ఫిట్టరు లుంగీ బాగా బిగించే కడతాడు.

మందుల పెట్టె 150 మందికి ఒకటి చాలన్నారు. మేం నలభై మందికే ఒకటి పెట్టాం. నిర్ణయించిన సామాను తప్ప ఇంకేమీ అందులో ఉండకూడదన్న ముక్క దగ్గరే చిన్న ఇబ్బంది. ప్రస్తుతం అగరొత్తులు, కరెంటు బిల్లులు, ఓనరుగారి వక్కపొడి డబ్బా ఉన్నాయి. తాళం నా మొలతాడుకే ఉంటుంది.

బస్తా సంగతి కొంచెం పెద్దది. ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలకు మించకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మా ధాన్యం బస్తా 75. ఈ సంగతి హమాలీలకు చదివి వినిపించాను. మేస్త్రి బాబాయ్ బుర్ర గోక్కుని, "ఆయ్, మరి మిగతా ఇరవై కిలోలూ ఆ సంస్థోళ్ళే మోస్తారాండీ?" అన్నాడు. ఓనరుగారు పెద్దమనసుతో బస్తా యాభై కిలోలకి దింపేస్తానన్నారు, కూలి కూడా అదే లెక్కన దింపుతానన్నారు. హమాలీలు వద్దన్నారు. "బరువు తగ్గించడానికి కార్మికులే ఒప్పుకోలేదు" అని రిజిస్టరులో రాసి, వాళ్ళచేత వేలిముద్రలు వేయించాను.

2025 నవంబర్ 21 నుంచి ఆ ఫ్యాక్టరీల చట్టం బదులు కార్మికుల భద్రత, ఆరోగ్యాల మీద కొత్త కోడ్ వచ్చింది. పాత చట్టమే పూర్తిగా చదవలేదు, అది కాస్తా పోయింది. ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అంటున్నారు, మాకు అది రోజూ ఉంది. పొద్దున్నే గేటు దగ్గర, ఊక దుమ్ముకి దగ్గేవాళ్ళకి మేస్త్రి బెల్లం ముక్క ఇస్తాడు. రెండో ముక్క అడిగినవాణ్ణి మర్నాడు రావద్దంటాడు.

ఈ ఏడాది భద్రతా దినం కూడా ఘనంగా జరిగింది. ఒక్కటే టెన్షన్. ఫిబ్రవరిలో మా ఫిట్టరు బెల్టుకి నిమ్మకాయలు కడుతుంటే మెడలో తువ్వాలు పట్టేసింది. తువ్వాలు లాక్కోబోయి చెయ్యి పెట్టాడు. రెండు వేళ్ళు పోయాయి. "ఇంట్లో తలుపు సందున పడి" అని రాశాను. పాపం, మార్చి నాలుగున కట్టుతోనే వచ్చాడు. ప్రతిజ్ఞ చేసేటప్పుడు కుడిచెయ్యి ముందుకు చాచాలి కదా. అతన్ని వెనక వరసలో నిలబెట్టాం. అక్కడిదాకా హెల్మెట్లు ఎలాగూ రావు.