"దిగిపో" అని అరిస్తే దిగిపోతారా?

2012 మే నెలలో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ బ్లాక్‌బర్న్ మైదానంలోకి ఎవరో ఒక కోడిని వదిలారు, దానికి క్లబ్ జెండా చుట్టి మరీ. ఓనర్లు మన పూణే కోళ్ల కంపెనీ వెంకీస్ కాబట్టి ఆ వెటకారం. ఆ రోజు విగన్ చేతిలో ఓడి బ్లాక్‌బర్న్ ప్రీమియర్ లీగ్ నుంచి కింద పడింది, కోడిని పట్టుకుని బయటికి తీసుకుపోయారు, ఓనర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. 2010లో కొన్నారు, 2017లో క్లబ్ మూడో డివిజన్‌కి కూడా జారింది, అయినా ఇన్నేళ్లుగా వాళ్ల చేతుల్లోనే ఉంది.

ఫ్యాన్స్ గొడవ చేస్తే బోర్డు దిగుతుందా అనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ కోడి గుర్తొస్తుంది. ఒట్టి అరుపులకి ఏ ఓనరూ దిగడు. ఆ అరుపు వెనక ఓటో, అప్పో, కోర్టో ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే దున్నపోతు మీద వాన కురిసినట్టే.

అసలు మనవాళ్లు చాలామంది బోర్డునీ ఓనర్నీ కలిపేస్తారు, సగం గందరగోళం అక్కడే. బోర్డులో ఉండేవాళ్లు చాలా క్లబ్బుల్లో జీతగాళ్లు. వాళ్లని పంపించడం పెద్ద కష్టం కాదు. ఎవర్టన్‌లో 2023 జనవరిలో డైరెక్టర్లు భద్రత కారణం చెప్పి సొంత స్టేడియానికే రాలేదు, జూన్ వచ్చేసరికి సీఈఓ సహా కొందరు వెళ్లిపోయారు. మరి ఓనర్ మోషిరి? 2024 డిసెంబర్‌లో అమ్ముకుని, తన వీలు చూసుకుని వెళ్లాడు. టోటెన్‌హామ్‌లో ఏళ్ల తరబడి "లెవీ అవుట్" అన్నారు, దాదాపు పాతికేళ్లు ఛైర్మన్‌గా కూర్చున్న డేనియల్ లెవీ 2025 సెప్టెంబర్‌లో నిజంగానే వెళ్లిపోయాడు, కానీ క్లబ్ ఇప్పటికీ లూయిస్ కుటుంబానిదే. డ్రైవర్ మారాడు, బండి ఓనర్ మారలేదు. దాన్ని విజయం అనుకునేవాళ్లు అనుకోవచ్చు, నాకైతే అంత ఆనందం రాలేదు.

నేను మాంచెస్టర్ యునైటెడ్ ఫ్యాన్‌ని, కాబట్టి ఈ నొప్పి నాకు కొత్త కాదు. 2005లో గ్లేజర్లు క్లబ్‌ని కొన్నారు, కొనడానికి తెచ్చిన అప్పులో పెద్ద భాగాన్ని తీసుకొచ్చి ఆ క్లబ్ నెత్తి మీదే పెట్టారు. అంటే ఇల్లు కొనుక్కుని లోన్ వాయిదాలు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ల చేత కట్టించినట్టు! కోపం తట్టుకోలేక కొందరు అదే ఏడాది ఎఫ్‌సీ యునైటెడ్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు. 2010లో క్లబ్ పుట్టినప్పటి ఆకుపచ్చ, బంగారు రంగుల స్కార్ఫులతో స్టేడియం నిండిపోయింది. 2021 మే 2న జనం మా స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోకి తోసుకెళ్లారు, ఆ రోజు జరగాల్సిన లివర్‌పూల్ మ్యాచ్ వాయిదా పడింది. ప్రీమియర్ లీగ్‌లో అంత పెద్ద మ్యాచ్‌ని ఫ్యాన్సే ఆపేశారు, ఇంకేం కావాలి అనుకున్నాం. చివరికి ఏమైంది? 2024లో జిమ్ రాట్‌క్లిఫ్ 27.7 శాతం వాటా కొన్నాడు, ఫుట్‌బాల్ వ్యవహారాలు తన చేతికి తీసుకున్నాడు. గ్లేజర్లకి కావలసినంత డబ్బు ముట్టింది, ఓట్ల మెజారిటీ కూడా వాళ్ల దగ్గరే ఉండిపోయింది. దాదాపు పంతొమ్మిదేళ్ల పోరాటం చేసి వాళ్ల చేతికి చెక్కు ఇప్పించినట్టయింది.

అయితే నిరసనలన్నీ దండగ అని నేను అనట్లేదు. ఒక నిర్ణయాన్ని వెనక్కి తిప్పాలంటే ఫ్యాన్స్‌ని మించినవాళ్లు లేరు. 2021 ఏప్రిల్ 18న పన్నెండు పెద్ద క్లబ్బులు సూపర్ లీగ్ అని తమకంటూ వేరే లీగ్ ప్రకటించాయి, చెల్సీ ఫ్యాన్స్ సొంత టీమ్ బస్సుకే అడ్డం పడ్డారు, 20వ తేదీ రాత్రికల్లా ఆరు ఇంగ్లీష్ క్లబ్బులూ తోక ముడిచాయి. 2016లో లివర్‌పూల్ 77 పౌండ్ల టికెట్ పెడతానంటే, సండర్‌ల్యాండ్ మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి దాదాపు పదివేల మంది లేచి వెళ్లిపోయారు. కొద్ది రోజుల్లోనే ఓనర్లు క్షమాపణ చెప్పి ధర తగ్గించారు. ఎందుకంటే వెనక్కి తగ్గితే వాళ్లకి పోయేది కొంచెం పరువు, కొంచెం డబ్బు. క్లబ్ వదులుకోమంటే మాత్రం ఆస్తి రాసిమ్మన్నట్టు. ఈ రెండు అడగడాలూ ఒకటి కాదు.

ఇక నాకు బాగా నచ్చిన, బాగా బాధపెట్టిన కథ బ్లాక్‌పూల్‌ది. 2010లో ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చిన చిన్న క్లబ్. ఒక్క సీజనే ఉంది కానీ దాంతో వచ్చిన డబ్బు మాత్రం చిన్నది కాదు. ఆ డబ్బు టీమ్ మీద పెట్టకుండా ఓనర్ ఆయిస్టన్ కుటుంబం తమ కంపెనీల వైపు మళ్లించుకుంది. ఫ్యాన్స్ తిట్టారు. కుటుంబం తిరిగి కొందరు ఫ్యాన్స్ మీద పరువునష్టం కేసులు వేసింది, సొంత ఫ్యాన్స్ మీదండీ, ఆలోచించండి. 2015 మేలో జనం మైదానంలోకి దిగితే హడర్స్‌ఫీల్డ్ మ్యాచ్ మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత వాళ్లు చేసింది అన్నిటికంటే కష్టమైన పని. వెళ్లడం మానేశారు. ఒక మ్యాచ్ కాదు, ఒక నెల కాదు, ఏళ్లకి ఏళ్లు. "ఇక ఒక్క పైసా ఇవ్వం" అన్నారు, అన్నట్టే ఇవ్వలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని చిన్నప్పుడు మొదటిసారి వెళ్లిన స్టేడియం పక్కనుంచే నడుచుకుంటూ వెళ్లి, లోపల మ్యాచ్ జరుగుతున్నా గేటు దాటకుండా ఉండటం ఎలా ఉంటుందో నేను ఊహించగలను గానీ, అలా ఉండగలనని మాత్రం మాటివ్వలేను.

అన్నీ చేశాక కూడా చివరికి తలుపు తెరిచింది కోర్టు. మైనారిటీ వాటాదారు బెలోకాన్ వేసిన కేసులో 2017 నవంబర్‌లో హైకోర్టు, క్లబ్‌ని అక్రమంగా దోచుకున్నారని తేల్చి, అతనికి 3 కోట్ల పౌండ్ల పైచిలుకు చెల్లించమంది. అది పూర్తిగా కట్టకపోవడంతో 2019 ఫిబ్రవరిలో క్లబ్‌ని కోర్టు నియమించిన రిసీవర్ చేతికి అప్పగించారు. మార్చి 9న సౌతెండ్ మ్యాచ్‌కి 15,871 మంది తిరిగొచ్చారు. మరి ఫ్యాన్స్ చేసిందేంటి అని అడగొచ్చు. నా దృష్టిలో వాళ్లు ఆ క్లబ్‌ని ఓనర్‌కి పనికిరాని ఆస్తిగా మార్చారు. గొడ్డలి కోర్టుదే, కానీ చెట్టుని ఎండగట్టింది ఫ్యాన్సే.

లివర్‌పూల్‌లో అప్పటి ఓనర్లు హిక్స్, జిలెట్‌లు 2010లో దిగిపోయింది కూడా ఇలాగే. ఫ్యాన్స్ సంఘం రెండేళ్లు ఊపిరాడనివ్వలేదు, అయినా అసలు మెడ మీద కత్తి బ్యాంకుది, అప్పు గడువు అక్టోబర్‌లో ముంచుకొచ్చింది, హైకోర్టు మెట్లెక్కి మరీ ఓడిపోయారు. క్లబ్ 30 కోట్ల పౌండ్లకి చేతులు మారింది.

ఓటు ఉన్న చోట కథే వేరు. బార్సిలోనాకి ఓనర్ లేడు, సభ్యులే ఉన్నారు. 2020లో మెస్సీ వెళ్లిపోతానన్నాక అధ్యక్షుడు బార్తొమేవు మీద అవిశ్వాసం పెట్టడానికి 16,520 సంతకాలు కావాలి, 20 వేలు దాటాయి. ఓటింగ్ దాకా కూడా రాలేదు, అక్టోబర్ 27న బోర్డు మొత్తం రాజీనామా. అదే దేశంలో వాలెన్సియా ఫ్యాన్స్ ఏళ్లుగా "లిమ్ గో హోమ్" అని గొంతు చించుకుంటున్నారు. పీటర్ లిమ్ 2014లో కొన్న షేర్లకి ఆ అరుపు వినపడదు. అభిమానంలో తేడా లేదు, కాగితంలో తేడా ఉంది, అంతే.

జర్మనీలో కూడా అంతే. 2023 డిసెంబర్‌లో లీగ్ మీడియా హక్కుల ఆదాయంలో వాటా బయటి ఇన్వెస్టర్‌కి అమ్మడానికి 36 క్లబ్బుల్లో సరిగ్గా 24 ఓట్లు పడ్డాయి, అంటే మూడింట రెండొంతులు అంచు మీద. ఫ్యాన్స్ మైదానంలోకి టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు విసిరి మ్యాచ్‌లు ఆపుతూ పోయారు, ఫిబ్రవరి 21కల్లా ఆ డీల్ చచ్చింది. అక్కడ 50+1 నియమం (సగానికి మించి ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలనేది) వల్ల చాలా క్లబ్బుల అధ్యక్షులు తిరిగి సభ్యుల ముందే నిలబడాలి, అందుకే టెన్నిస్ బంతి బరువు వాళ్లకి తెలుసు. ఇంగ్లాండ్‌లో విసిరితే అది టెన్నిస్ బంతే.

ఇక మనలో మనం ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. నిరసనకి పెద్ద శత్రువు ఓనర్ కాదు, గెలుపు. 2021లో సూపర్ లీగ్ గొడవప్పుడు ఆర్సెనల్ స్టేడియం ఎమిరేట్స్ బయట వేలమంది ఓనర్ మీద "క్రోంకీ అవుట్" అన్నారు. క్లబ్ నూటికి నూరు శాతం అప్పుడూ ఆయనదే, ఇప్పుడూ ఆయనదే. టీమ్ బాగా ఆడటం మొదలెట్టగానే బ్యానర్లు అటకెక్కాయి. ఆర్సెనల్ ఫ్రెండ్స్ నన్ను తిట్టకండి, మావాళ్లు వరసగా పది మ్యాచ్‌లు గెలిస్తే నేనూ గ్లేజర్ల పేరు మర్చిపోతాను.

దూరం నుంచి చూసే మనలాంటోళ్ల సంగతి ఇంకా ఘోరం. అక్కడ ఊరివాళ్లు సీటు ఖాళీగా వదిలేస్తే, ఆ నష్టాన్ని పూడ్చేది మన జెర్సీలు, మన సబ్‌స్క్రిప్షన్‌లు, మన ఫాలోయర్ లెక్క చూపించి తెచ్చుకునే స్పాన్సర్లు. హ్యాష్‌ట్యాగ్ పెట్టేదీ మనమే, అర్ధరాత్రి లేచి మ్యాచ్ పెట్టుకునేదీ మనమే. షెఫీల్డ్ వెన్స్‌డే ఫ్యాన్స్ 2025 అక్టోబర్‌లో సొంత స్టేడియాన్ని ఖాళీగా వదిలేశారు, రెండు రోజులకి క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, ఓనర్ చాన్‌సిరి పెత్తనం ముగిసింది, దానికి 12 పాయింట్ల కోత కూడా మింగారు. మింగడానికి సిద్ధపడే చేశారు. యునైటెడ్‌ని అలా ఎండగట్టాలంటే ఓల్డ్ ట్రాఫర్డ్ ఒక్కటీ ఖాళీ అయితే చాలదు, నా ఫోన్ కూడా ఆగిపోవాలి.

ఈ సీజన్ జెర్సీ కొననని ఆగస్టులో గట్టిగా చెప్పాను. పోయిన సీజన్ కూడా ఆగస్టులో అలాగే చెప్పాను, డిసెంబర్‌లో డిస్కౌంట్ పెడితే కొన్నాను.